విడిపోయినవాళ్లను కలపాలంటే పాస్టర్లు ఏం చెయ్యాలి

సంఘంలో రెండు వర్గాలు మాటలు మానేస్తే, ఆదివారం ప్రసంగంలో 'క్షమించుకోండి' అనేసి ఊరుకోకండి పాస్టరుగారూ. ముందు దెబ్బతిన్నవాళ్ల ఇంటికెళ్లి, మధ్యలో వాక్యం ఎత్తకుండా, వాళ్లు చెప్పేదంతా వినండి. 1996లో, జాతివివక్ష పాలనలో జరిగిన అకృత్యాల మీద వేసిన దక్షిణాఫ్రికా సత్య, సయోధ్య కమిషన్ విచారణల్లో బాధితులు తమ భాషలోనే గోడు చెప్పుకున్నారు, ఒకరి మాటలు వింటూ అధ్యక్షుడు ఆర్చిబిషప్ డెస్మండ్ టూటూ బల్లమీద తల వాల్చి ఏడ్చేశారు. అలా వినాలి!

చెన్నైలో మా తెలుగు సంఘంలో రెండు కుటుంబాలు ప్రభురాత్రి భోజనానికి కూడా చెరో వరసలో కూర్చునేవి. పాస్టరుగారు నెలరోజులు ఇద్దరిళ్లకీ విడివిడిగా తిరిగారు, టీ తాగుతూ విన్నారంతే.

తప్పు చేసినవాళ్లు జరిగింది నోటితో ఒప్పుకునేదాకా చేతులు కలపమని తొందరపెట్టొద్దు. మత్తయి 5:24లో యేసు ముందు సమాధానపడమన్నాడు, దేవుడికి కానుక అర్పించడం తర్వాతే. నష్టం జరిగితే అది కట్టించండి కూడా.