బెజవాడ ఎండల్లో లెగో సెట్లు కాపాడుకోవడం

లెగో అంటే ఒకదానికొకటి బిగించి బొమ్మలు కట్టే ప్లాస్టిక్ ఇటుకలు. పాత లెగో సెట్ కొనేముందు ఒక ఇటుక చేతిలోకి తీసుకోండి. పైనున్న ప్రతి బొడిపె మీదా కంపెనీ పేరు ఉబ్బెత్తుగా కనిపించాలి. లేదంటే చాలావరకు నకలే. పెట్టె చిరిగినా నాకు బాధలేదు, ముక్కలన్నీ ఉండాలి. 1958 నాటి ఇటుక కూడా ఇవాళ్టి దాంట్లో చక్కగా బిగుస్తుంది, అందుకే పాతవంటే నాకు అంత ఇష్టం.

కడగడమే అసలు పని. నీళ్లు 40 డిగ్రీలు దాటకూడదు. మే నెలలో మా పటమటలో మధ్యాహ్నం మేడమీద ట్యాంకు నీళ్లు చేయి కాలేలా వస్తాయి, కాబట్టి పొద్దున్నే కడగండి. స్టిక్కర్లున్నవి, మోటార్లు నానబెట్టొద్దు, తడిగుడ్డతో తుడిస్తే చాలు. ఎండలో అస్సలు ఆరబెట్టొద్దు! తెల్లవి, లేత బూడిదరంగువి పచ్చబడిపోతాయి. పాత తువ్వాలు మీద పరిచి, ఫ్యాను కింద రాత్రంతా వదిలేయండి.

సర్దేటప్పుడు రంగును బట్టి కాదు, ఆకారాన్ని బట్టి వేరుచేయండి. నల్లముక్కల కుప్పలో చిన్న నల్లముక్కను వెతకడం నరకం. ఖాళీ స్వీటు డబ్బాలు సరిపోతాయి. కట్టిన బొమ్మల అలమర మాత్రం పడమటి కిటికీకి ఎదురుగా పెట్టకండి.