కోడెకు విత్తు కొట్టించడం: పళ్ళు చూసే దగ్గర్నుంచి కాడి ఎత్తే దాకా

దుక్కికో బండికో పెంచే కోడెకు సమయానికి విత్తు కొట్టించకపోతే, అంటే వృషణాలు పనిచేయకుండా చేయించకపోతే, అది పనికంటే పోట్లాటకే ఎక్కువ పనికొస్తుంది. ఎదకొచ్చిన ఆవు వాసన తగిలితే చాలు, కాడి విదిలించుకుని పరుగు తీస్తుంది. జోడీలో పక్క ఎద్దును కుమ్ముతుంది, తోలేవాడి మీదికీ వస్తుంది. ఇప్పుడు పశువుల ఆసుపత్రుల్లో ఈ పనికి వాడేది బర్డిజో పట్టకారు. ఇటలీ పశువైద్యుడు నపోలియోనే బర్డిజో తయారుచేసింది కాబట్టి ఆయన పేరే దానికి నిలిచిపోయింది. కత్తి పెట్టరు, చర్మం తెగదు, నెత్తురు రాదు. చర్మం కింద ఉన్న నరం మాత్రం నలిగి తెగిపోతుంది.

రైతులు నరం అంటారు గానీ అది ఒక్క నరం కాదు. విత్తుకు రక్తం తెచ్చే గొట్టాలు, వీర్యం పోయే నాళం, అసలు నరాలు, అన్నీ కలిపి పేనిన తాడులా ఉంటుంది. రెండు పళ్ళ కోడెకు దాదాపు చిటికెన వేలంత లావు. అది నలిగితే విత్తుకు రక్తం అందదు, నెలా నెలన్నరలో ఎండి చిన్నగా ముడుచుకుపోతుంది. చర్మానికి రక్తం వేరే దారిలో వస్తుంది కాబట్టి సంచి అలాగే ఉంటుంది. పని అంతా ఈ తేడా మీదే నడుస్తుంది. నరం నలగాలి, చర్మం బతకాలి.

వయసు పళ్ళను బట్టి చూసుకోండి. పుట్టిన తేదీ రాసి పెట్టుకునేవాళ్ళు తక్కువ, బండలాగుడు పందేల్లో కూడా జోడీలను విడగొట్టేది పళ్ళ లెక్కనే. పాలపళ్ళు ఊడి ముందు రెండు పెద్ద పళ్ళు వచ్చేసరికి కోడెకు రెండు, రెండున్నరేళ్ళు. ఒంగోలు జాతికి ఈ దశే మంచిదని పాత రైతులు చెప్పేది ఊరికే కాదు. మూపురం, మెడ కండ పెరిగేది విత్తుల బలంతోనే. ఆరేడు నెలల దూడకే కొట్టిస్తే మూపురం లేవదు, మెడ సన్నగా ఉండిపోతుంది, ఎముకలు ఆలస్యంగా ముదురుతాయి కాబట్టి కాళ్ళు మాత్రం పొడుగ్గా సాగుతాయి. అలాంటి ఎద్దు మెడ మీద కాడి నిలవదు. అలాగని ఆరు పళ్ళ దాకా ఆగితే నరం ముదిరి లావెక్కుతుంది. పట్టకారుకు సరిగా లొంగదు, వాపు ఎక్కువ వస్తుంది, అప్పటికే పట్టిన పోట్లాట అలవాటు విత్తులు పోయినా పోదు. మొండిగా ఉన్న కోడె అయితే రెండు పళ్ళు పూర్తిగా లేవకముందే కొట్టించడం మేలు, కాస్త మూపురం తగ్గినా నష్టం లేదు.

కాలం విషయానికొస్తే కార్తీకం నుంచి మాఘం దాకా సరైనది. చలికి ఈగలు తక్కువ, కొట్టంలో బురద ఉండదు, కోతలయ్యాక మేత సమృద్ధి. అప్పుడు కొట్టిస్తే వేసవిలో కాడి మరిపి ఏరువాకకు దుక్కికి దింపవచ్చు. వానాకాలంలో వద్దు. ఎక్కడ చిన్న గీరుడు పడినా ఈగ వాలి పురుగులు పడతాయి.

ఒక మాట ముందే అనుకోండి. మందలో అన్నిటికంటే మంచి కోడెకు తొందరపడి విత్తు కొట్టించకండి. ఒకప్పుడు దేవుడి పేరున అచ్చు వేసి ఒక ఆంబోతును ఊరి మీద వదిలేవాళ్ళు, దాన్ని ఎవరూ కట్టేయరు, ఎవరూ కొట్టరు. అచ్చోసిన ఆంబోతు అని తిట్టుగా వాడుకుంటున్నాం గానీ, ఊళ్ళో మిగతా కోడెలన్నీ ఎద్దులయ్యాక చూళ్ళు కట్టించే బాధ్యత దానిదే. ఒంగోలు గిత్తలు, నల్లమల వైపు పొడ తూర్పు కోడెలు ఉన్నవాళ్ళు విత్తనానికి పనికొచ్చేదాన్ని పక్కన పెట్టి మిగతావాటి సంగతి చూడాలి.

పాత పద్ధతి గురించి కూడా చెప్పాలి, ఇంకా అక్కడక్కడా చేసేవాళ్ళున్నారు కాబట్టి. కోడెను పడేసి విత్తుల సంచి మొదట్లో రెండు వెదురు బద్దలు బిగించి, కర్రతోనో రాయితోనో విత్తులనే నలగ్గొట్టడం. ఎక్కువసేపు పడుతుంది, నొప్పికి పశువు సొమ్మసిల్లుతుంది. నలిగిన విత్తు లోపలే కుళ్ళి చీము పడుతుంది, ఒక్కోసారి సగమే నలిగి కోడె కోడెగానే మిగిలిపోతుంది. ఇది చేయకండి. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం విత్తు కొట్టడాన్ని నిర్ణీత పద్ధతిలో చేస్తేనే ఒప్పుకుంటుంది. 2023లో వచ్చిన నియమాలైతే మత్తు ఇవ్వాలని, పశువైద్యుడి ద్వారానే జరగాలని అంటున్నాయి. కాబట్టి పట్టకారు డాక్టరుగారి చేతిలో ఉండాలి. మిగతా పని, అంటే కోడెను సిద్ధం చేయడం, పట్టుకోవడం, తర్వాత చూసుకోవడం, మనదే. ఆయన ఏం చేస్తున్నారో తెలిస్తే మన సాయం కూడా సరిగ్గా అందుతుంది.

పట్టకారు మంచిదో కాదో రెండు నిమిషాల్లో తేలిపోతుంది. పెద్ద కోడెకు 19 అంగుళాలది, గొర్రె మేకలకు 9 అంగుళాలది. రెండు కాగితాల మధ్య నూలు దారం పెట్టి దవడలు పూర్తిగా మూయండి. దారం తెగాలి, కాగితం చిరగకూడదు. కాగితం చిరిగితే అంచు పదునెక్కిందని అర్థం, చర్మం కోసేస్తుంది. దారం తెగకపోతే దవడలు వదులయ్యాయి, నరం నలగదు. రెండో లోపమే ఎక్కువ కనిపిస్తుంది. దానికి కారణం వాడాక దవడలు మూసి గోడకు తగిలించడం. మూసి ఉంచితే బిగువు పోతుంది. కాస్త తెరిచి, కీళ్ళకు నూనె రాసి దాచాలి.

ముందురోజు రాత్రి నుంచి మేత ఆపండి, పొద్దున్నుంచి నీళ్ళు ఆపండి. నిండు కడుపుతో పడేస్తే ఉబ్బరం వస్తుంది, నెమరు ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదమూ ఉంది. ఆసుపత్రిలో ఇనుప చట్రం ఉంటే దాన్నే వాడండి. కోడె నిలబడే ఉంటుంది, ఒకరు తోక పైకి ఎత్తి పట్టుకుంటే డాక్టరు వెనక నుంచి పని చేస్తారు. చట్రం లేకపోతే పడేయాలి. నాడాలు కొట్టేవాళ్ళకు ఈ పని బాగా తెలుసు, వీలైతే ఒకరిని పిలుచుకోండి.

బొటనవేలంత లావు నూలు తాడు, ముప్పై నుంచి నలభై అడుగులు. నైలాన్ తాడు వద్దు, రాపిడికి తోలు కాలుతుంది. కింద ఇసుకో ఒత్తుగా వరిగడ్డో పరవండి. తాడు కొసను మెడ చుట్టూ, బిగుసుకోని ముడితో కట్టండి. ఇక్కడ ఉరిముడి వేస్తే కోడె పడగానే ఊపిరాడదు. అక్కడి నుంచి తాడును వెనక్కి తెచ్చి ముందుకాళ్ళ వెనక రొమ్ము చుట్టూ ఒక మెలిక, నడుము చుట్టూ ఇంకో మెలిక. నడుము మెలిక పొట్ట కింద మూత్రపు తొడుగు మీద పడకుండా చూసుకోండి. ఇప్పుడు ఇద్దరు వెనక నుంచి తిన్నగా, కుదుపు లేకుండా లాగాలి. మెలికలు బిగిసేకొద్దీ కోడె కాళ్ళు మడిచి దానంతటదే కూలబడుతుంది. పక్కకు లాగితే పడదు, తిరగబడుతుంది. పడగానే ఒకరు కొమ్ము పట్టి మెడ మీద మోకాలు ఆన్చాలి, పై వెనక కాలును ముందుకు లాగి మెడ తాడుకు కట్టాలి. అప్పుడు సంచి బయటికి కనిపిస్తుంది. పడేశాక పావుగంట మించకుండా లేపేయాలి, అందుకని మందులూ సూదులూ ముందే సర్దిపెట్టుకోవాలి.

డాక్టరు సంచి మొదలు దగ్గర, రెండు నరాల్లోనూ మొద్దుబార్చే మందు లిగ్నోకైన్ ఎక్కించి నాలుగైదు నిమిషాలు ఆగుతారు. ఆ ఆగడమే చాలామందికి ఓపిక లేనిది. "కానీయండి డాక్టరుగారూ, కోడె లేచిపోతోంది" అని తొందర పెట్టకండి. మొద్దుబారకముందే నొక్కితే కోడె ఒక్క తన్ను తన్నుతుంది, నరం జారుతుంది.

ఇక నొక్కడం. ఒక విత్తును కిందికి లాగి, దాని నరాన్ని బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టి సంచి బయటి అంచుకు తోస్తారు. తడి తాడును చర్మం కింద పట్టుకున్నట్టు ఉంటుంది, వేళ్ళ మధ్య అటూ ఇటూ దొర్లుతుంది. విత్తుకు రెండు మూడు వేళ్ళ మందం పైన, చనుమొటిమలకు బాగా కింద, పట్టకారు దవడలు ఆన్చుతారు. 19 అంగుళాల రకంలో దవడ కొసన చిన్న అడ్డు ఉంటుంది, నరం దాని లోపల పడాలి. సగం మూశాక వేలితో మళ్ళీ తడిమి నరం దవడల మధ్యే ఉందని చూసుకుని అప్పుడు పూర్తిగా మూస్తారు. పిడుల్లో ఒకటి మోకాలికి ఆన్చి నొక్కితే బలం బాగా పడుతుంది. లోపల కటుక్కుమన్నట్టు చేతికి తెలుస్తుంది. అలాగే పట్టి మనసులో ఇరవై లెక్కపెట్టాలి.

దానికి ఒక సెంటీమీటరు కింద రెండో నొక్కు. పైన నొక్కినప్పుడే నొప్పి తెలిసే నరాలు తెగిపోయాయి కాబట్టి కింది నొక్కు కోడెకు అంతగా తెలియదు. రెండో నొక్కు అక్కర్లేదని వదిలేసేవాళ్ళు ఉన్నారు. ఒక నొక్కులో నరం కాస్త పక్కకు తప్పినా రెండోదాంట్లో దొరుకుతుంది, అందుకే అది కావాలి. తర్వాత రెండో విత్తుకు ఇదే పని, కానీ మొదటి వైపు గీతలకు ఎదురుగా కాదు, కాస్త పైకో కిందికో. సంచి మధ్యలో రెండు వేళ్ళ వెడల్పు చర్మం ఏ నొక్కూ పడకుండా మిగలాలి. అటూ ఇటూ గీతలు కలిసిపోయాయా, సంచి మొత్తానికీ రక్తం ఆగి నల్లబడి ఊడిపోతుంది. రెండు నరాలనూ ఒకేసారి కలిపి నొక్కేయడం అందుకే పనికిరాదు. పైగా సంచి వెనకాల, కాస్త పైన, మర్మాంగం వంపు తిరిగి ఉంటుంది. అది దవడల్లో పడితే మూత్రం బంద్, ఆ పశువు దక్కడం కష్టం.

నొక్కినచోట తోలు మీద నొక్కుడు గీత మాత్రమే కనపడాలి. ఎక్కడైనా చిట్లితే అయొడిన్ పూసి, చుట్టూ వేపనూనె రాయండి. ధనుర్వాతం సూది, నొప్పికి మెలాక్సికామ్ డాక్టరే వేస్తారు, మర్చిపోతే అడగండి.

ఆ సాయంత్రానికి కోడె మేత ముట్టాలి, మూత్రం పోయాలి. మూత్రం సంగతి కనిపెట్టుకుని ఉండండి. తెల్లారేదాకా చుక్క పోయకపోతే వెంటనే ఆసుపత్రికి. సంచి మర్నాటికి వాస్తుంది, రెండు మూడు రోజుల్లో విత్తులు ముందున్న దానికంటే పెద్దగా కనపడతాయి. కంగారు పడకండి, వాపు రావడమే నరం నలిగిందనడానికి గుర్తు. అసలు వాపే రాకపోతే అనుమానించాలి. పొద్దునా సాయంత్రం చల్లటి నీళ్ళు పోసి, కాసేపు నడిపించండి. కట్టేసి ఉంచితే వాపు వెనక కాళ్ళలోకి దిగుతుంది. రెండు వారాల్లో తగ్గుముఖం పడుతుంది. జ్వరం, మేత మానడం, సంచి చల్లబడి రంగు మారడం, చెడు వాసన, వీటిలో ఏది కనపడినా ఆగకండి.

మూడు వారాలు పని వద్దు. రెండు నెలల దాకా ఆవుల మందలో వదలకండి, నాళంలో మిగిలిన వీర్యంతో చూలు కట్టించగలదు.

గొర్రెపోతులకూ మేకపోతులకూ మూడు నాలుగు నెలల వయసులో ఇదే పద్ధతి, చిన్న పట్టకారుతో. ఒకరు పిల్లను ఒళ్ళో వెల్లకిలా పట్టుకుంటే చాలు. మేకపోతుకు కొట్టిస్తే మాంసానికి ఆ పోతు వాసన రాదు.

గుర్రానికి మాత్రం బర్డిజో నమ్ముకోలేం. విత్తులు తొడల మధ్య పైకి అతుక్కుని ఉంటాయి, పట్టకారుకు నరం సరిగా అందదు. అమెరికా పడమటి వైపు పశువులు పెంచే రాంచ్‌లలో ఏడాది, రెండేళ్ళ మగ గుర్రపు పిల్లను ఈగలు ముసరకముందే, వసంతం మొదట్లో, తాడుతో పడేసి వెనక కాలు మెడకు కట్టి కత్తితోనే తీసేవాళ్ళు. సంచి కోసి విత్తును బయటికి లాగి, నరాన్ని ఒకే దెబ్బలో నలిపి కోసే పట్టకారు వేస్తారు. దాన్ని తలకిందులుగా పట్టుకుంటే నలిగిన భాగం విత్తుతో పోయి కోసిన భాగం ఒంట్లో మిగులుతుంది, నెత్తురు ఆగదు. అందుకే పట్టకారు మర (నట్టు) విత్తు వైపే ఉండాలన్నది అక్కడి మొదటి పాఠం. గాయానికి కుట్లు వేయరు, కారేదంతా కారిపోవాలి. మర్నాటి నుంచి రోజూ నడిపించకపోతే గాయం తొందరగా మూసుకుని లోపల వాస్తుంది. మొదలుపెట్టే ముందు రెండు విత్తులూ కిందికి దిగాయో లేదో తడిమి చూడాలి. ఒకటి కడుపులో ఉండిపోతే ఆ పిల్లను తాకరు, అది ఆసుపత్రి పని. ధనుర్వాతానికి గుర్రం ఎద్దు కంటే త్వరగా లోనవుతుంది కాబట్టి టీకా లేకుండా కత్తి పట్టరు. ఇప్పుడు అక్కడ కూడా మత్తిచ్చి డాక్టరే చేస్తున్నారు.

మన కోడె దగ్గరికొస్తే, ఆరో వారం నుంచి ఎనిమిదో వారం లోపు ఒకసారి సంచి తడిమి చూడండి. రెండు వైపులా నిమ్మకాయ కంటే చిన్నగా, గట్టిగా ముడుచుకుపోయి ఉండాలి. ఒకవైపు మునుపటిలా నిండుగా, మెత్తగా తగిలితే ఆ వైపు నరం తప్పిపోయినట్టే. అటువైపు మాత్రమే, పాత గీతకు కాస్త పైన, మళ్ళీ నొక్కించాలి. రెండూ ముడుచుకుని ఉంటే పాత ఎద్దు పక్కన జోడీ కట్టి, మొదటి వారం ఉత్త కాడితోనే తిప్పండి.