చుట్టాలొస్తే పిట్ట ఎందుకు మారిపోతది? సమస్య - పరిష్కారం

బతుకమ్మ, దసరా టైంల ఇంటినిండ మంది ఉంటరు, ఇంట్ల పెంచుకునే పిట్టల లొల్లి కూడా అప్పుడే ఎక్కువ. రామచిలుక గురించి మాత్రం అడగకుర్రి, 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం దాన్ని ఇంట్ల పెంచుడే నేరం.

కొత్తోళ్లు రాంగనే బడ్జీలు గప్‌చుప్ అయితున్నయ్
మన దగ్గర లవ్ బర్డ్స్ అని అమ్మేటియి ఎక్కువ ఇవే. ఈకలు ఒంటికి అతుక్కొని, మెడ నిక్కి, కదలకుండ కూసుంటయ్. చుట్టాలేమో ఎంత బుద్ధిమంతులో అంటరు గానీ అది బుద్ధి కాదు, భయంతోని బిగుసుకపోయినయ్, నా లెక్కల కరిచే పిట్ట కంటే దీని గురించే ఎక్కువ ఆలోచించాలె. గద్ద కంట్ల పడకుండ కదలక ఉండుడే చిన్న పిట్టకు రక్షణ, మనం పంజరం ముంగట నిలబడి రెండు కండ్లతోని గుచ్చి చూస్తే దానికి మనమే గద్ద.
పంజరాన్ని హాలు నడుమల నుంచి తీసి గోడ మూలకు పెట్టుర్రి, ఒక పక్కకు బట్ట కప్పుర్రి దాక్కోనీకి. వచ్చినోళ్లను జర దూరం కూసోమని, దాన్ని చూడకుండ ముచ్చట పెట్టుకోమనుర్రి, కాసేపటికి అదే గింజలు తింటది.

కాకటీల్‌కు ఒక్క మామంటేనే పడదు
కాకటీల్ అంటే తల మీద కుచ్చుండే చిలుక జాతి పిట్ట. మామను చూడంగనే బుస్సుమంటది, ఆ కుచ్చు వెనక్కి అతుక్కపోతది. కుచ్చు నిక్కబొడుచుకుంటే ఉలికిపాటు, సగం లేచి ఉంటే నిమ్మళంగ ఉన్నట్టు. చాలాసార్లు పడనిది మనిషి కాదు, హెల్మెటో నల్లద్దాలో గట్టి గొంతో. అవన్నీ గుమ్మం కాన్నే తీసి రమ్మనుర్రి, పక్కకు తిరిగి కూసొని ఊచల నడుమ నుంచి కొర్రకంకి అందియ్యమనుర్రి. చెయ్యి లోపల పెట్టొద్దు.

కొత్తోళ్ల భుజమెక్కుతది, ఇంట్లోళ్లను కరుస్తది
కొన్యూర్లు అనే విదేశీ చిలుకలతోని ఇది మస్తు చూస్తం. పంజరం, ఇష్టమైన మనిషి రెండూ తనవే అనుకుంటది, అడ్డమొచ్చినోళ్లను కరుస్తది, కొత్తోళ్లతోని ఇంకా ఆ పంచాయితీ లేదు. భుజం మీద ఎక్కించుకునుడు బంద్ చేసి, వేరే రూంల స్టాండ్ మీద ఉంచి, ఇంట్ల మిగిలినోళ్లతోని గింజలు పెట్టియ్యుర్రి.

అందరు పోయినంక కూడా ముడుచుకొనే ఉంది
ఈకలు ఉబ్బి, ఊపిరికొకసారి తోక ఊగుతుంటే, తిండి మానేస్తే అది సిగ్గు కాదు, రోగం. నాన్‌స్టిక్ పెనం మాడి పొగొచ్చిందా చూడుర్రి, ఆ పొగ పిట్టలను చంపుతది. తెల్లారిందాక ఆగకుండ పశువుల డాక్టర్‌కు చూపెట్టుర్రి, తెలిసినోళ్లు లేకపోతే వరంగల్ దగ్గరి మామునూరు వెటర్నరీ కాలేజీల అడుగుర్రి.