వానలకు ముందు ఇంటి పైకప్పును ఎలా పరీక్షించాలి?

సీలింగ్ మీద చెమ్మ మచ్చ కనిపిస్తే సరిగ్గా దాని పైనే కన్నం ఉందనుకుంటాం. చాలాసార్లు అక్కడ ఉండదు. స్లాబులోకి దిగిన నీళ్లు పక్కకు పాకి, కరెంటు పైపు వెంటో ఫ్యాను హుక్కు దగ్గరో బయటపడతాయి. మచ్చ ఉన్నచోటికి సరిగ్గా పైన సిమెంటు పూయించి, మళ్లీ వానకు మళ్లీ గిన్నెలు పెట్టుకునే ఇళ్లు ప్రతి వీధిలోనూ కనిపిస్తాయి. కప్పు మధ్యలో పాడయ్యేది తక్కువ. అంచుల్లో, అతుకుల్లో, నీళ్లు బయటికి పోయే దారుల్లోనే ఎక్కువగా దెబ్బతింటుంది. కాబట్టి ముందు ఇంట్లోంచి పైకి చూడాలి, తర్వాత అంచులు, ఆ తర్వాతే మధ్యభాగం.

ఎప్పుడు చూడాలి?

నైరుతి రుతుపవనాలు మామూలుగా జూన్ మొదటి, రెండో వారాల్లో తెలుగు రాష్ట్రాల్లోకి వస్తాయి. మే నెలలోనే చూసుకుంటే మేస్త్రీలూ దొరుకుతారు, పని ఆరడానికి ఎండా ఉంటుంది. రోహిణీ కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. రోళ్ల మాటేమో గానీ, డాబాలకు మాత్రం ఆ ఎండే గండం. స్లాబు పగలు వ్యాకోచించి రాత్రి కుంచించుకుపోతూ ఉంటే, గోడతో కలిసే చోట బీట ఇస్తుంది. కోస్తాలో ఉన్నవాళ్లు అక్టోబరు తుపాన్లకు ముందు, అంటే సెప్టెంబరులో మరోసారి చూసుకోవాలి.

ఉదయం ఏడు గంటల ప్రాంతంలో ఎక్కండి. ఏటవాలు ఎండలో గుంతలు, ఉబ్బులు, సన్నని పగుళ్లు తేలిగ్గా కనబడతాయి. చేతిలో టార్చి, సుద్దముక్క, పెన్సిలు, చిన్న సుత్తి, ఫోను ఉంటే చాలు.

1. ముందు ఇంట్లోంచి

ప్రతి గదిలో టార్చిని సీలింగ్‌కు పక్కవాటుగా పట్టి వెలుగు వేయండి. తెల్లటి పొడిలా ఉప్పు తేలిందంటే అక్కడ నీళ్లు చేరి ఆరిపోతున్నాయని గుర్తు. ఒకే గీతలో గోధుమరంగు మరక సాగితే ఇంకాస్త జాగ్రత్త పడాలి. లోపలి ఇనుప చువ్వ తుప్పు పడుతోందన్నమాట. తుప్పు అసలు ఇనుముకంటే ఎక్కువ చోటు తీసుకుంటుంది. ఆ ఒత్తిడికే కాంక్రీటు పెచ్చులు పెచ్చులుగా ఊడుతుంది. పెచ్చు ఊడిన చోట చువ్వ కనబడుతుంటే పైన ఏ కోటింగ్ వేసినా లాభం లేదు, ఇంజినీరుకు చూపించాల్సిందే.

నెలల తరబడి చినుకు లేకపోయినా మచ్చ తడిగా ఉందా? అయితే తప్పు వానది కాదు. పైన ట్యాంకు పొర్లుతోందేమో, పైపు అతుకు ఊరుతోందేమో చూడండి. అలాగే రేకుల ఇళ్లలో చలికాలం తెల్లవారుజామున చుక్కలు పడితే కంగారు అక్కర్లేదు. లోపలి గాలిలోని తేమ చల్లటి రేకుకు తగిలి నీరవుతుంది.

2. డాబా మీద: పిట్టగోడ, తూములు

మెట్లెక్కగానే నడుమకు వెళ్లకుండా పిట్టగోడ వెంటే ఒక చుట్టు తిరగండి. గోడ, స్లాబు కలిసే మూలలో సిమెంటుతో గుండ్రంగా తీర్చిన అంచు ఉండాలి. అది లేకపోయినా, గోడ నుంచి విడిపోయి గీత పడినా నీళ్లు నేరుగా అందులోకి దిగుతాయి. పిట్టగోడ పైభాగం కూడా చూడండి. అక్కడి ప్లాస్టరింగ్ పగిలితే నీళ్లు ఇటుకల్లోంచి దిగి కింది గది గోడను తడుపుతాయి. అది చూసి తప్పు స్లాబుదే అనుకుంటాం.

గోడ సందుల్లో రావి, మర్రి మొక్కలు బొటనవేలంత ఉన్నప్పుడే తీసేయాలి. పైకి పీకేస్తే వేరు లోపలే ఉండి మళ్లీ చిగురిస్తుంది. అక్కడి సిమెంటు కొంచెం చెక్కి, వేరుతో సహా తీసి, ఆ గాడిని పూడ్చాలి.

తర్వాత తూములు. ఎన్ని ఉన్నాయో, ఏ మట్టంలో ఉన్నాయో చూడండి. స్లాబు వాలు నీళ్లను తూముదాకా తీసుకెళ్లాలి. మీటరు దూరానికి కనీసం ఒక సెంటీమీటరు వాలు ఉంటే సరి. వాలు అంతా బాగానే ఉన్నా, తూము నోరు చుట్టూ ఉన్న గచ్చుకంటే అరంగుళం పైకి నిలబడి ఉండటం కొత్త ఇళ్లలోనూ కనిపించే తప్పే. ఆ అరంగుళం నీళ్లు ఎండకు ఆవిరి కావడమే తప్ప పోయే దారి ఉండదు. వెయ్యి చదరపు అడుగుల డాబాకు ఒక్కటే తూము ఉంటే తక్కువ. నాలుగంగుళాల పైపులవి కనీసం రెండైనా ఉండాలి. లేకపోతే ఒక ప్లాస్టిక్ కవరు అడ్డం పడిన రోజున డాబా చెరువవుతుంది.

వాలు సంగతి తేలాలంటే పైనుంచి నాలుగు బకెట్ల నీళ్లు పోసి చూడండి. నీళ్లు ఎటు పరుగెత్తాయో, ఎక్కడ ఆగాయో తెలిసిపోతుంది. ఆగిన చోటు చుట్టూ సుద్దతో గీత గీయండి. 48 గంటల తర్వాత కూడా ఆ గీతలోపల నీళ్లుంటే అక్కడ వాలు సరిచేయించాలి.

3. తట్టి వినండి

సుత్తితో మెల్లగా అడుగడుగుకీ తట్టుకుంటూ వెళ్లండి. గట్టిగా పట్టిన చోట శబ్దం ఖణేల్‌మంటుంది. పై పొర స్లాబును వదిలేసిన చోట డొల్ల చప్పుడు వస్తుంది. ఆ డొల్ల భాగాలను సుద్దతో గుర్తించండి. వాటి మీద పెయింటు పూస్తే డొల్లతో పాటే పెయింటూ లేచిపోతుంది. పగులు కనిపిస్తే దాని రెండు కొనల దగ్గర పెన్సిలుతో అడ్డగీత గీసి తేదీ రాయండి. నెల తర్వాత పగులు గీత దాటితే అది పెరుగుతున్న పగులు, పూత కంటే ముందు కారణం వెతకాలి. సోలార్ ప్యానెళ్లు, డిష్ యాంటెన్నా బిగించడానికి స్లాబుకు కొట్టిన రంధ్రాలను మాత్రం మర్చిపోవద్దు. బోల్టు పీకేసి వదిలేసిన రంధ్రం నేరుగా నీటి గొట్టమే.

వేడి తగ్గించే తెల్ల పెయింట్ల వాడకం ఈమధ్య బాగా పెరిగింది. తెలంగాణ 2023లో కూల్ రూఫ్ విధానం కూడా తెచ్చింది. మంచిదే, కానీ ఈ పరీక్షంతా పెయింటుకు ముందే జరగాలి. తెల్లగా మెరిసే పూత కింద సన్నని పగులు ఏడాదిదాకా దాక్కోగలదు.

డాబా అంతా నీళ్లు కట్టి చూద్దామనుకునేవాళ్లు ఒక లెక్క గుర్తుపెట్టుకోవాలి. వెయ్యి చదరపు అడుగుల మీద రెండంగుళాల నీళ్లంటే దాదాపు 4,700 కిలోల బరువు. కొత్త స్లాబుకు ఇది ఫరవాలేదు. పెచ్చులు ఊడిన పాత స్లాబు మీద ఆ ప్రయోగం చేయొద్దు.

4. పెంకుటిల్లయితే

రోడ్డు అవతల నిలబడి కొప్పు గీతను చూడండి. ఎక్కడైనా కుంగి ఉంటే తప్పు పెంకుల్లో కాదు, కింది వాసాల్లో. చెదలు పట్టిందేమో స్క్రూడ్రైవరుతో పొడిచి చూడాలి. మిట్టమధ్యాహ్నం లోపల లైట్లు ఆపి పైకి చూస్తే ఎండ చుక్కలు ఎక్కడ పడుతున్నాయో తెలుస్తుంది. అవే రేపటి వాన చుక్కలు. కోతులు తిరిగే ఊళ్లలో ఈ పని నెలకోసారి తప్పదు.

మంగుళూరు పెంకులకు వెనకవైపు బొడిపెలుంటాయి. అవి కింది చెక్కకు తగులుకోవాలి. చెక్కల మధ్య దూరం తప్పితే పెంకు ఆనుకుని ఉంటుందే తప్ప తగులుకోదు, పెద్ద గాలికి జారుతుంది. చూరు వరుసలో రెండు మూడు పెంకులను కింది నుంచి వేలితో ఎత్తి చూడండి, అడ్డు లేకుండా లేస్తే ఆ వరుసను తీగతో కట్టించాలి.

5. రేకులయితే

సిమెంటు రేకుల మీద కాలు పెట్టొద్దు. పైకి గట్టిగా కనిపించినా ఒక్కసారిగా పగిలి మనిషి కిందపడతాడు. నిచ్చెన వేసుకుని అంచు నుంచే చూడండి. తప్పనిసరైతే కింది దూలాల మీద ఆనేలా పలక వేయించి, అలవాటున్న మనిషినే ఎక్కించాలి. పాతవే కాదు, ఇప్పటి సిమెంటు రేకుల్లోనూ చాలావాటిలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. దాని ధూళి పీల్చడం క్యాన్సర్‌కు దారితీయొచ్చు. అందుకని నాచును పొడిగా గీకడం, రేకును రంపంతో కోయడం వద్దు.

బోల్టులు రేకు మడత పైభాగంలో ఉండాలి. లోయలో రంధ్రం కొట్టారంటే నీళ్లు పారే దారిలోనే కన్నం పెట్టినట్టు. పై రేకు కింది రేకు మీద కనీసం 15 సెంటీమీటర్లు ఎక్కి ఉండాలి. ఇనుప రేకులకైతే స్క్రూ కింది రబ్బరు వాషరు చూడండి. ఎండకు చిట్లినా, అతిగా బిగించి పక్కకు పిండేసినా మార్చాలి.

గాలి రేకును ముందు అంచుల్లో, మూలల్లో, కొప్పు దగ్గర పట్టుకుంటుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు ఎగిరిపోయిన రేకులను చూసినవాళ్లకు ఈ మాట వేరే చెప్పక్కర్లేదు. రేకు మీద బండరాళ్లు, ఇసుక మూటలు పెట్టి ఉన్నాయంటే అక్కడ బోల్టు వదులైందని అర్థం. రాయి బోల్టుకు బదులు కాదు, ఎగిరితే అదే ప్రాణం తీస్తుంది.

6. మేస్త్రీని పిలిచేముందు

గుర్తులన్నీ ఫోనులో ఫొటోలు తీసి, వచ్చిన మేస్త్రీకి చూపించండి. వాలు సరిచేయడానికి, పగుళ్లు పూడ్చడానికి, కోటింగ్‌కు విడివిడిగా ధర అడగండి. అంతా కలిపి చదరపు అడుగుకు ఇంత అంటే ఏం చేస్తున్నారో తెలియదు. నీళ్లు ఎక్కడినుంచి దిగుతున్నాయో చూపించకుండా నేరుగా డబ్బా మూత తీసేవాళ్లకు పని ఇవ్వకండి. స్లాబు తడిగా ఉండగానే మామూలు కోటింగ్ వేస్తామంటే ఒప్పుకోవద్దు, లోపలి తేమ ఆవిరై బుడగలు లేస్తాయి. పని పూర్తయ్యాక మొదటి పెద్ద వాన వెలియగానే పైకెళ్లి, ఫొటోల్లో గుర్తులున్న చోట్లే మళ్లీ చూడండి. మిగిలిన డబ్బు ఆ తర్వాతే ఇస్తానని ముందే మాట్లాడుకుంటే మేలు.