లాంబ్డా ఇస్తే క్రాష్, డెఫ్ ఇస్తే కాదు: పైథాన్ సీ ఎక్స్‌టెన్షన్‌లో నా అనుభవం

మా సీ ఎక్స్‌టెన్షన్ (పైథాన్ నుంచి వాడేందుకు సీ భాషలో రాసిన మాడ్యూల్) ఒక పైథాన్ ఫంక్షన్‌ని తీసుకుని దాచుకుంటుంది, ఈవెంట్ వచ్చినప్పుడు దాన్ని పిలుస్తుంది. డెఫ్‌తో రాసిన ఫంక్షన్ ఇస్తే బాగానే నడిచేది. లాంబ్డా (పేరు పెట్టకుండా అక్కడికక్కడే రాసే ఫంక్షన్) ఇస్తే మాత్రం సెగ్‌ఫాల్ట్, అంటే తాకకూడని మెమరీని తాకి ప్రోగ్రామ్ కూలిపోవడం. ఈ తేడాలోనే కారణం దొరికింది.

పైథాన్‌లో ఫంక్షన్ కూడా లిస్టులాగే ఒక ఆబ్జెక్ట్, సీ వైపు మన చేతికొచ్చేది పైఆబ్జెక్ట్ పాయింటరే. కాల్‌లో వచ్చిన ఆర్గ్యుమెంట్లను విడదీసే పైఆర్గ్_పార్స్‌టపుల్ 'ఓ' ఫార్మాట్‌తో ఇచ్చేది అరువు రెఫరెన్స్, అంటే ఆబ్జెక్ట్‌ని బతికించి ఉంచని పాయింటర్. డెఫ్ ఫంక్షన్‌ని మాడ్యూల్‌లోని పేరు బతికించి ఉంచుతుంది. లాంబ్డాని ఎవరూ పట్టుకుని లేరు కాబట్టి, కాల్ ముగియగానే దాని రెఫరెన్స్ కౌంట్ (దాన్ని ఎంతమంది పట్టుకున్నారనే లెక్క) సున్నా అవుతుంది, మెమరీ వెనక్కి పోతుంది.

అందుకే, వచ్చింది పిలవదగ్గదేనా అని పైకాలబుల్_చెక్‌తో చూసి, ఆ కొత్త ఫంక్షన్‌కి పై_ఇంక్‌రెఫ్ పెట్టి (కౌంట్ ఒకటి పెంచి) దాచాను. ఆ తర్వాతే, అంతకుముందు దాచిన పాత ఫంక్షన్ ఉంటే దానికి పై_ఎక్స్‌డెక్‌రెఫ్ (కౌంట్ ఒకటి తగ్గించడం). ఈ వరస ముఖ్యం, ఎందుకంటే డెక్‌రెఫ్ వల్ల వేరే పైథాన్ కోడ్ నడవొచ్చు. క్రాష్ పూర్తిగా ఆగిపోయింది. మీ ఈవెంట్ సీ సృష్టించిన వేరే థ్రెడ్ నుంచి వస్తుంటే, పిలిచే ముందు, ఆ థ్రెడ్‌ని పైథాన్ కోడ్ నడిపేందుకు సిద్ధం చేసే పైజిల్‌స్టేట్_ఎన్‌ష్యూర్ కూడా తప్పనిసరి.