నాన్న ఎక్కడ అని అడగకండి: యుద్ధ బాధిత పిల్లల దగ్గరకు వెళ్ళేవారికి జాగ్రత్తలు

గత వారం మన హైదరాబాదులో చాలా వాట్సాప్ గ్రూపులలో ఒక వీడియో తిరిగింది. యుద్ధం నుంచి తప్పించుకుని వచ్చిన కుటుంబాలు తలదాచుకున్న ఒక సరిహద్దు శిబిరంలో, ఇక్కడి నుంచి వెళ్ళిన యువకుడొకరు ఎనిమిదేళ్ళ పాపను పక్కన కూర్చోబెట్టుకుని, దుబాసీ సాయంతో ఆమె ఇంటికి ఏమైందో చెప్పిస్తున్నారు. పాప మధ్యలో ఆగిపోయింది. ఆయన కళ్ళు తుడుచుకుని, తరువాత ఏమైందని మళ్ళీ అడిగారు. చూసినవారు కంటతడి పెట్టారు, విరాళాలు కూడా పంపారు. మరునాడే శిబిర నిర్వాహకులు ఆ బృందం మొత్తాన్నీ వెనక్కి పంపివేశారు. ఆ యువకుడు సెలవు పెట్టి, సొంత డబ్బు ఖర్చు చేసుకుని, మంచి మనసుతో వెళ్ళినవాడు. అటువంటివారే ఈ తప్పు చేస్తున్నారు కనుక, వచ్చే నెలల్లో బయలుదేరబోతున్న బృందాల కోసం ఇది రాస్తున్నాను.

పాస్‌పోర్టు, వీసా, ఉన్ని దుస్తుల సంగతి ఎవరైనా చెబుతారు కనుక వాటిని వదిలేస్తున్నాను.

అన్నిటికన్నా ముందు

మన వైపు ఏ బిడ్డ ఎదురుపడినా నీ పేరేమిటమ్మా, నాన్న ఏం చేస్తారు, అమ్మ ఏది, మీరెంతమంది అని వరసగా అడుగుతాము. పెళ్ళింట్లోనైనా, ఆర్టీసీ బస్సులోనైనా పిల్లలతో మనం మాట కలిపే తీరు అదే, అందులో ఆప్యాయత తప్ప మరేమీ లేదు. అయితే యుద్ధం నుంచి వచ్చిన బిడ్డ దగ్గర ఆ ప్రశ్నల్లో పేరు ఒక్కటి తప్ప మిగిలినవన్నీ ప్రమాదకరమైనవే.

2022 ఏప్రిల్‌లో నేను ఒక చిన్న బృందంతో పోలండ్ సరిహద్దు పట్టణమైన ప్షెమిషల్‌లో ఉన్నాను. 18 నుంచి 60 ఏళ్ళ లోపు మగవారు ఉక్రెయిన్ దాటి వెళ్ళడానికి, కొద్ది మినహాయింపులు తప్ప, అప్పట్లో అనుమతి లేదు కనుక, అక్కడి రైల్వే స్టేషనులో దిగుతున్నవారిలో అత్యధికులు తల్లులూ, పిల్లలూ, ముసలివారే. మా బృందంలో ముగ్గురు మనవల నాయనమ్మ ఒకావిడ ఉండేవారు. ఆమె ఒక ఆరేళ్ళ పిల్లవాడికి బిస్కెట్లు ఇచ్చి, తల నిమిరి, మీ నాన్న ఏడి నాయనా అని అడిగారు. దుబాసీగా ఉన్న కాలేజీ అమ్మాయి ఆ ప్రశ్నను ఉన్నదున్నట్టుగా వినిపించింది. పిల్లవాడు, నాన్న ఫోను పాడైందనీ, బాగుకాగానే మాట్లాడతాడనీ జవాబు చెప్పి, అవునా అన్నట్టు తల్లి వైపు చూశాడు. ఆమె ఏమీ చెప్పలేదు. కానీ ఆమె ముఖం చూసి పిల్లవాడికి అర్థమైపోయింది. తండ్రి మరణవార్తను ఎక్కడో ఒకచోట కుదురుకున్నాక, తన మాటల్లో, తన ఒడిలో కూర్చోబెట్టుకుని చెప్పాలని ఆ తల్లి దాచి ఉంచుకున్నది. వారు మరో ఊరికి బస్సెక్కేదాకా, నాలుగు రోజులపాటు, ఆ పిల్లవాడి నోట మాకు ఒక్క మాట వినపడలేదు. మా బృందంలోని ఆ నాయనమ్మగారు మళ్ళీ ఏ శిబిరానికీ రాలేదు.

అందువల్ల అడగకండి. నాన్న సంగతి, ఇంటి సంగతి, దారిలో ఏం చూశావన్న సంగతి అడగకండి. బిడ్డ దగ్గర ఆ ప్రశ్నకు జవాబు లేకపోవచ్చు, అబద్ధపు జవాబు ఉండవచ్చు, లేదా తల్లి చెప్పవద్దన్న జవాబు ఉండవచ్చు. మీరు ఏది కదిలించినా దాన్ని సర్దిపెట్టడానికి మీరు అక్కడ ఉండరు, ఎందుకంటే మీ తిరుగు టిక్కెట్టు రెండు వారాల్లోనే ఉంటుంది.

మనసులోనిది కక్కేస్తే భారం తగ్గుతుందని మనవారిలో గట్టి నమ్మకం ఉన్నది. కానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ, మరి కొన్ని సంస్థలతో కలిసి 2011లో వెలువరించిన మానసిక ప్రథమ చికిత్స (ఆపదలో ఉన్నవారికి మొదట అందించే మానసిక ఆసరా) మార్గదర్శిలో, జరిగినదాన్ని చెప్పమని ఎవరినీ ఒత్తిడి చేయవద్దని స్పష్టంగా ఉన్నది. ఘోరాన్ని చూసి వచ్చినవారిచేత వెంటనే అంతా చెప్పించే పద్ధతిని ఆ సంస్థ సిఫారసు చేయదు. పైగా ఆ బిడ్డ తన అనుభవాన్ని సరిహద్దు అధికారికీ, వైద్యునికీ, విలేకరికీ ముందే చెప్పి ఉండవచ్చు. ఏడుస్తూ చెబితే చాక్లెట్ వస్తుందని నేర్చుకున్న పిల్లలను నేను చూశాను. ఆ పాఠం నేర్పింది మనవంటివారమే. కొందరు పిల్లలు రేపు నేర విచారణలో సాక్షులు కావచ్చు కనుక, వారిని ప్రశ్నించడం ఆ పనిలో శిక్షణ పొందినవారికే వదిలివేయాలి.

బిడ్డ తనంతట తాను చెప్పడం మొదలుపెడితే ఆపకండి, పొడిగించకండి. చివరిదాకా విని, నువ్వు చెప్పింది విన్నానని చెప్పండి. ప్రమాదానికి సంబంధించిన మాట ఏదైనా ఉంటే, శిబిరంలో పిల్లల రక్షణ చూసే వ్యక్తికి దాన్ని తెలపవలసి ఉంటుందని బిడ్డకు చెప్పి, ఆ తరువాతనే తెలపండి. మిగతా వేళల్లో నేల మీద కూర్చుని ఆడండి. సుద్దముక్క ఒకటి ఉంటే చాలు, తొక్కుడుబిళ్ళకు భాష అక్కరలేదు. అచ్చంగిల్లాలు కూడా అంతే. కళ్ళకు గంతలు కట్టే ఆటలు మాత్రం వద్దు.

బయలుదేరే లోపల

ప్రశ్న వేయకుండా పిల్లలతో గంటసేపు గడపడం అలవాటు లేనివారికి చాలా కష్టం. దాన్ని ఇక్కడే నేర్చుకోవచ్చు. మయన్మార్ నుంచి వచ్చిన రోహింగ్యా కుటుంబాలు మన బాలాపూర్ పరిసరాల్లో ఏళ్ళ తరబడి నివసిస్తున్నాయి. వారి పిల్లల చదువు కోసం అక్కడ ఇదివరకే పనిచేస్తున్నవారిని కలిసి, వారు ఒప్పుకుంటే, వారు చెప్పిన పనిని రెండు నెలలపాటు వారం వారం చేయండి. అక్కడ తోచినప్పుడల్లా ఆరా తీసే మనిషి విమానం ఎక్కకపోవడమే మంచిది.

సూడాన్, దక్షిణ సూడాన్, కాంగో వంటి దేశాల వైపు వెళ్ళేవారికి ఎల్లో ఫీవర్ టీకా కావాలి. నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు. వేయించుకున్న 10 రోజుల తరువాతే ధ్రువపత్రం చెల్లుబాటవుతుంది కనుక ఆఖరి వారానికి వదలకండి. తట్టు టీకా రెండు మోతాదులూ పడ్డాయో లేదో చూసుకోండి. కిక్కిరిసిన శిబిరంలో తట్టు త్వరగా పాకుతుంది, దాన్ని మోసుకెళ్ళేది మీరే కావచ్చు. ప్రయాణ బీమా పత్రంలో మినహాయింపుల పేజీ చదవండి. చాలా పాలసీలు యుద్ధం వల్ల కలిగే గాయానికి డబ్బు చెల్లించవు.

శాటిలైట్ ఫోను ఎవరైనా అరువిస్తామన్నా తీసుకోకండి. ప్రభుత్వ అనుమతి లేకుండా మన దేశంలో దాన్ని దగ్గర ఉంచుకోవడం నేరం, శంషాబాద్ విమానాశ్రయంలోనే ఆపివేస్తారు. నొప్పి మాత్రల్లో ట్రమడాల్, దగ్గుమందుల్లో కోడీన్ ఉన్నవి తీసివేయండి. కొన్ని గల్ఫ్ దేశాల్లో విమానం మారేటప్పుడు కూడా అవి చిక్కు తెచ్చిపెడతాయి.

మీ ప్రాణాల గురించి ఒక్క మాట. ఐక్యరాజ్యసమితి లెక్క ప్రకారం 2024లో ప్రపంచమంతటా 380 మందికి పైగా సహాయక సిబ్బంది హతులయ్యారు. వారిలో అత్యధికులు ఆయా దేశాల స్థానికులే. మీకు దారి చూపేవారు, మీ వాహనం నడిపేవారు మీకన్నా ఎక్కువ ప్రమాదంలో ఉంటారు. వారు వద్దన్న చోటికి తీసుకువెళ్ళమని పట్టుబట్టకండి.

చేరుకున్నాక

తారు వేసిన దారి దిగకండి. నేల మీద మెరిసే లోహపు వస్తువును కాలితో కూడా తాకకండి. మందుపాతరల సూచిక కనబడితే, వేసిన అడుగుల్లోనే వెనక్కి రండి. సైనికుల దుస్తులను పోలిన ఆకుపచ్చ చారల చొక్కా సంచిలో కూడా పెట్టుకోకండి. బొమ్మ తుపాకులు, టపాకాయలు, బుడగలు తీసుకువెళ్ళకండి. బుడగ పగిలిన శబ్దానికి ఒక గదిలోని పిల్లలంతా బల్లల కింద దూరడం నేను చూశాను. తలుపు గట్టిగా వేయకండి. వెనుక నుంచి వచ్చి బిడ్డ భుజం మీద చేయి వేయకండి. బిడ్డ చేయి చాపితేనే ఎత్తుకోండి. ఏ బిడ్డతోనూ మూసిన గదిలో ఒంటరిగా ఉండకండి. మిఠాయిలు మీ చేత్తో పంచకండి, అక్కడి టీచరమ్మకు అప్పగించండి. మీ ఫోను సంచిలో ఉంచండి. ఫోటో తీసి ముఖం మసకబరిస్తే చాలుననుకోకండి, వెనుక కనబడే గోడ, బడి సంచి, ఫోటోలో దాగి ఉండే లొకేషన్ కూడా ఆ బిడ్డను పట్టిస్తాయి. సరిహద్దుకు అవతల ఇంకా చిక్కుకుని ఉన్న బంధువు ప్రాణానికి అది ముప్పు.

అడగకండి. దుబాసీని కూడా అడగనివ్వకండి. పని మొదలుకాకముందే దుబాసీతో కూర్చుని, పొరపాటున నా నోట అటువంటి ప్రశ్న వస్తే దాన్ని అనువదించవద్దని చెప్పి ఉంచండి. మా బృందం ఆ ఒక్క మాట ముందుగా చెప్పుకుని ఉంటే ఆ పిల్లవాడు తల్లి ముఖం అలా చూసి ఉండేవాడు కాడు.

మళ్ళీ వస్తానని చెప్పకండి. నాతో తీసుకువెళతాననే మాట సరదాకైనా అనకండి. ఒంటరిగా కనబడిన బిడ్డను అనాథ అనుకోకండి. 2007లో చాద్ నుంచి 103 మంది పిల్లలను ఫ్రాన్సుకు చేర్చబోయిన బృందం అరెస్టయింది. సూడాన్‌లోని డార్ఫుర్ యుద్ధంలో అనాథలైనవారని వారు చెప్పిన ఆ పిల్లల్లో అత్యధికులకు కుటుంబాలు ఉన్నాయని తేలింది. 2010 భూకంపం తరువాత హైతీలో 33 మంది పిల్లలను సరిహద్దు దాటించబోయిన అమెరికనుల సంగతీ అంతే. బిడ్డను చోటు మార్చే ఏ నిర్ణయంలోనూ మీ చేయి ఉండకూడదు. జ్వరం వస్తే గదిలోనే ఉండండి. ఏడుపు వస్తే బయటికి వెళ్ళి ఏడవండి, మిమ్మల్ని ఓదార్చే పని బిడ్డ మీద పెట్టకండి. వెళ్ళిపోయే తేదీని మొదటి రోజే పిల్లలకు చెప్పండి, ఆ రోజు అందరికీ కనబడి సెలవు తీసుకోండి, రాత్రికి రాత్రి మాయం కాకండి.

తిరిగి వచ్చాక ఏదో ఒక బడిలోనో, కాలనీ సంఘంలోనో మాట్లాడమని పిలుస్తారు. వెళ్ళండి. నీళ్ళ ట్యాంకరు ఎన్ని గంటలకు వస్తుందో, ఒక గుడారంలో ఎందరు పడుకుంటారో, ఏ మందులకు కొరత ఉన్నదో, డబ్బు ఎవరికి పంపితే అక్కడికి చేరుతుందో వివరంగా చెప్పండి. ఏ బిడ్డ పేరూ, ఏ బిడ్డ కథా చెప్పకండి. పాపం, ఆ పిల్లల తల్లిదండ్రులు ఏమయ్యారు అని ఎవరైనా తప్పక అడుగుతారు. మేము అడగలేదని చెప్పండి.