దర్శన గ్రంథాలు చదవడం - 4వ పాఠం: ఏ గెర్ట్రూడ్?

పోయిన పాఠం చివర జర్మనీలోని హెల్ఫ్టా క్రైస్తవ సన్యాసినుల మఠంలో 13వ శతాబ్దంలో ఉన్న నలుగురి పేర్లు రాసి, ఎదురుగా ఎవరేం చేసేవారో రాయమన్నాను. సగానికి పైగా జవాబుల్లో "మహా గెర్ట్రూడ్, మఠాధ్యక్షురాలు" అని ఉంది! దైవ దర్శనాలు రాసిన మరో జర్మన్ సన్యాసిని హిల్డెగార్డ్ గురించి మొదలుపెడదామనుకున్న వారం కాస్తా దీనికే పోయింది.

తప్పు మీ ఒక్కరిదే అనను. శతాబ్దాల పాటు చిత్రకారులు కూడా ఆమె చేతికి మఠాధ్యక్షురాలి దండం ఇచ్చేశారు. కానీ 1251 నుంచి నలభై ఏళ్లు మఠాన్ని నడిపింది హాకెబోర్న్ గెర్ట్రూడ్. 1258లో మఠం హెల్ఫ్టాకు మారింది ఆవిడ హయాంలోనే. చదువు మానితే లేఖనాలు అర్థం కావు, ఆపైన భక్తీ నిలవదని ఆవిడ పట్టు. ఆ పట్టు వల్లే ఆ గోడల మధ్య ఇన్ని పుస్తకాలు పుట్టాయని నా నమ్మకం. తను మాత్రం దర్శనాల పుస్తకమేదీ రాయలేదు.

మహా గెర్ట్రూడ్ 1256లో పుట్టింది. ఐదేళ్లయినా నిండకముందే మఠం బడిలో చేరింది. అధ్యక్షురాలు ఎన్నడూ కాలేదు. ఎన్నడూ!

నా కొండగుర్తు: హాకెబోర్న్ అని ఉంటే అక్కాచెల్లెళ్లు. అక్క గెర్ట్రూడ్ అధ్యక్షురాలు, చెల్లెలు మెక్టిల్డ్ గాయనుల పెద్ద. ఊరిపేరుతో ఉన్న మాగ్డెబర్గ్ మెక్టిల్డ్ 1270 ప్రాంతంలో, ముసలితనంలో, బయటినుంచి వచ్చిన బెగీన్, అంటే మఠంలో చేరకుండా భక్తి జీవితం గడిపే స్త్రీ. లాటిన్‌లో కాదు, జర్మన్‌లో రాసింది. చూపు పోయాక తన దర్శన గ్రంథంలో ఏడో పుస్తకం చెప్పి రాయించింది. నలుగురిలో నాకిష్టం ఈవిడే, దాచడమెందుకు.

ఇక అసలు చిక్కు. చూసినవారే రాశారనుకోకండి. హాకెబోర్న్ మెక్టిల్డ్ దర్శనాలను తోటి సన్యాసినులు ఆవిడకు తెలియకుండా రాసిపెట్టారు. మహా గెర్ట్రూడ్ పేరున్న లాటిన్ దర్శన గ్రంథం 'లెగాటుస్' అయిదు పుస్తకాల్లో రెండోది మాత్రమే ఆమె చేతి రాత. 1281 జనవరి 27న తనకు కలిగిన తొలి దర్శనాన్ని ఎనిమిదేళ్ల తర్వాత అందులో రాసుకుంది. మిగతా నాలుగూ మరో సన్యాసిని కూర్చినవి.

అభ్యాసం: 'లెగాటుస్'కు ఏ ఇంగ్లీషు అనువాదమైనా తీసుకుని, రెండో పుస్తకం మొదటి అధ్యాయాన్నీ మూడో పుస్తకంలో ఏదో ఒక అధ్యాయాన్నీ పూర్తిగా తెలుగులో పెట్టండి. 'నేను', 'ఆమె' అన్న మాటలు వాడకూడదు. "చూశాను", "చూసింది" అని క్రియలే చెప్పాలి. ఎక్కడ తడబడ్డారో ఆ వాక్యాలు మాత్రం నాకు పంపండి, అనువాదమంతా వద్దు.